సర్వీసు క్లబ్బులో చేరమంటున్నారు, చేరవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గుంటూరు నుంచి వచ్చి పటమటలో మోటార్లు, పైపుల దుకాణం పెట్టుకున్నారు. మీ దగ్గర సరుకు కొనే పెద్దమనిషి ఒకరు తమ సర్వీసు క్లబ్బులో, అంటే రకరకాల వృత్తులవాళ్లు కలిసి సేవ చేసే సంఘంలో, చేరమని పట్టుబడుతున్నారు. ఏడాదికి పదిహేను వేల దాకా అవుతుందన్నారు. వీళ్లు నిజంగా సేవ చేస్తారా, హోటల్లో భోంచేసి ఫొటోలు దిగుతారా, డబ్బు ఎటు పోతుంది, వ్యాపారానికి పనికొస్తుందా, టీచరుగా పనిచేస్తున్న మీ ఆవిడ కూడా రావలసి ఉంటుందా అని అడిగారు.

చేరండి. చేరే ముందు మాత్రం ఒక్క పని చేయండి. మిమ్మల్ని పిలిచిన పెద్దమనిషిని మూడేళ్ల క్రితం ఆ క్లబ్బు చేసిన పని ఏదైనా ఒకటి చూపించమనండి. ఈ ఏడాది చేసింది అక్కర్లేదు, అది ఎవరైనా చూపిస్తారు. ఆయన వెంటనే బండి తాళం తీసుకుని ‘పదండి’ అంటే నిశ్చింతగా సంతకం పెట్టండి. ‘ఆల్బం ఉంది, పంపిస్తాను’ అంటే మరో క్లబ్బు చూసుకోండి. రోటరీ, లయన్స్, జేసీఐ, వాసవి, వాకర్స్ అంటూ విజయవాడలో క్లబ్బులకేం కొదవ లేదు.

నేను ఈ ఊళ్లో ప్రింటింగ్ ప్రెస్సు నడుపుతాను. ఒక క్లబ్బులో చాలా ఏళ్లుగా సభ్యుణ్ణి. కార్యదర్శి, కోశాధికారి, అధ్యక్షుడు, అన్ని కుర్చీల్లోనూ కూర్చున్నాను. అదిగాక ఇతర క్లబ్బుల ఆహ్వాన పత్రికలు, ఫ్లెక్సీలు కూడా నా దగ్గరే అచ్చవుతాయి కాబట్టి ఎవరు ఏం చేస్తారో, ఏం చేశామని అచ్చు వేయించుకుంటారో రెండూ కనిపిస్తూనే ఉంటాయి. నాది ఏ క్లబ్బో చెప్పను. చెబితే ఇది ప్రచారం అయిపోతుంది.

మూడేళ్ల లెక్క ఎందుకంటే, ఈ సంస్థల నిర్మాణంలోనే ఒక తిరకాసు ఉంది. రోటరీ అయినా లయన్స్ అయినా వాళ్ల సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. అధ్యక్షుడు ఏడాదికొకరు మారతారు. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి రోటరీ మొదలుపెట్టినప్పుడు సమావేశాలే వంతుల వారీగా ఒక్కొక్కరి ఆఫీసులో జరిగేవి. పదవులు కూడా ఇప్పుడు అలాగే చేతులు మారతాయి. ఇందులో గొప్ప సుగుణం ఉంది. కొన్ని ఊరి కమిటీల్లో మాదిరి ఒకే మనిషి ఇరవై ఏళ్లు కుర్చీని అంటిపెట్టుకుని ఉండడం ఇక్కడ కుదరదు. చిక్కు కూడా అక్కడే. ప్రతి జూలైలో కొత్త అధ్యక్షుడు, కొత్త నినాదం, కొత్త ఫ్లెక్సీ. కొత్త కోడలు అత్తగారి ఊరగాయ జాడీ జోలికి పోనట్టు, పాత అధ్యక్షుడు మొదలుపెట్టిన పనిని కొత్తాయన ముట్టుకోడు. ఫ్లెక్సీలు అచ్చువేసే నాకు ఇది గిరాకీయే అనుకోండి, కానీ నిజం అది.

మంగళగిరి దాటాక ఒక ప్రభుత్వ పాఠశాల ఉంది. అక్కడ ఒక క్లబ్బు మంచినీళ్ల ఆర్వో ప్లాంటు పెట్టింది. రిబ్బను కత్తిరించారు, గ్రానైటు పలక మీద పేర్లు చెక్కించారు. ఆ తర్వాత కొన్నాళ్లకు నేను నోటు పుస్తకాల పంపిణీకి అదే బడికి వెళ్లాను. పలక తళతళలాడుతోంది. ప్లాంటుకు తాళం వేసి ఉంది. పిల్లలు ఇంటి నుంచి సీసాల్లో నీళ్లు తెచ్చుకుంటున్నారు. కారణం పెద్దదేమీ కాదు. ముందుండే ఫిల్టర్లు కొన్ని నెలలకోసారి మార్చాలి, లోపలి పొర రెండు మూడేళ్లకు మార్చాలి. ఆ డబ్బు ఎవరిస్తారో ఎవరూ మాట్లాడుకోలేదు. హెడ్మాస్టరు గారికి బడి ఖాతాలో దానికి పద్దు లేదు. క్లబ్బులో అధ్యక్షుడు మారిపోయాడు. మీరు పైపుల వ్యాపారి కాబట్టి ఇదంతా నాకంటే మీకే బాగా తెలుస్తుంది.

అది చూసొచ్చాక మా క్లబ్బులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ప్లాంటు ధరతో పాటు మూడేళ్ల నిర్వహణ ఖర్చు ముందే పోగైతే తప్ప ఆర్వో ప్లాంటు పెట్టం. బడికి దగ్గర్లో ఇల్లున్న సభ్యుడి మీద దాని బాధ్యత పెడతాం. ఆయన నెలకోసారి నీటిలో లవణాలు కొలిచే చిన్న మీటరు జేబులో వేసుకుని వెళ్లి, గ్లాసు నీళ్లు పట్టి, అంకె చూసి కార్యదర్శికి పంపుతాడు. పలక మీద దాతల పేర్ల కింద మెకానిక్ ఫోను నంబరు కూడా చెక్కిస్తాం. మొదట్లో దాతలు కొందరు నొచ్చుకున్నారు. ఇప్పుడు అలవాటు పడ్డారు.

అధ్యక్షులు ఏటా మారినా పని మారకుండా నిలబెట్టిన సందర్భాలూ లేకపోలేదు. రోటరీ ‘పోలియోప్లస్’ అనే పోలియో నిర్మూలన కార్యక్రమాన్ని 1985లో మొదలుపెట్టింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. ఇందులో ప్రభుత్వానిది, ఆరోగ్య కార్యకర్తలదే పెద్ద పాత్ర. అయినా పల్స్ పోలియో ఆదివారాల్లో బస్టాండులో, రైల్వే స్టేషనులో బల్ల వేసుకుని కూర్చుని, సంకలో బిడ్డతో రైలు దిగే ప్రతి తల్లినీ ఆపి ‘చుక్కలు వేయించారా అమ్మా’ అని అడిగినవాళ్లలో మా ఊరి దుకాణదారులు, ఆడిటర్లు ఉన్నారు. లయన్స్ సంగతి తీసుకుంటే, 1925లో చూపు, వినికిడి లేని అమెరికన్ రచయిత్రి హెలెన్ కెల్లర్ వాళ్ల మహాసభకు వచ్చి అంధుల పక్షాన నిలబడమని అడిగింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా కంటి పని వాళ్ల చేతి నుంచి జారలేదు. మీరు వెతకవలసింది ఇలా ఒక పనిని పట్టుకుని వదలని క్లబ్బును.

ఇక భోజనాల సంగతి. ‘తినడానికి కలుస్తారు’ అనే మాట సగం నిజం. ఆ సగం గురించి సిగ్గుపడక్కర్లేదని నా అభిప్రాయం.

సమావేశం ఎలా ఉంటుందో చెబుతాను. రాత్రి ఎనిమిదింటికి అనుకుంటే ఎనిమిదిన్నరకు అధ్యక్షుడు గంట కొడతాడు. ఆ నెలలో పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఉన్నవాళ్లకు పూలగుత్తులు ఇస్తారు. కార్యదర్శి నివేదిక చదువుతుంటే ఎవరూ వినరు. తర్వాత బయటి నుంచి వచ్చిన వక్త ఇరవై నిమిషాలు మాట్లాడతాడు. మా దగ్గర గుండె డాక్టరు మాట్లాడాడు, పాములు పట్టే అతను మాట్లాడాడు, కృష్ణ కరకట్ట మీద పనిచేసిన ఇంజినీరు మాట్లాడాడు. లయన్స్ క్లబ్బుల్లో టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవి ఉంటుంది. సరదా జరిమానాలు వేయడమే ఆయన పని. ఫోను మోగితే యాభై, పేపర్లో పేరు పడితే వంద, భార్య పెళ్లిరోజు గుర్తు చేస్తే తప్ప గుర్తుకురాని వాడికి రెండు వందలు. రోటరీలో నాలుగు ప్రశ్నల పరీక్ష చదువుతారు: మనం అనేది, చేసేది సత్యమా, అందరికీ న్యాయమా, స్నేహాన్ని పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అని. 1932లో హెర్బర్ట్ టేలర్ అనే వ్యాపారి దివాలా అంచున ఉన్న తన కంపెనీని నిలబెట్టడానికి రాసుకున్న ప్రశ్నలవి. వ్యాపారులకు ఇప్పటికీ ఇబ్బంది పెట్టేవే.

ఇంకో సంగతి. ఆ గంటన్నరలో పార్టీల మాట, కులం మాట, మతం మాట ఎత్తకూడదు. విజయవాడలో టీ కొట్టు దగ్గర నిలబడితే రెండో గుక్కకే రాజకీయం మొదలవుతుందని మీకు తెలుసు. ఎన్నికల ఏడాదిలో కూడా రెండు పక్షాలవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని సాంబారు పోయించుకుంటారు. ఆ కట్టుబాటు తప్పిన క్లబ్బులు రెండుగా చీలడం చూశాను. చీలిన ప్రతిసారీ నాకు కొత్త లెటర్‌హెడ్ల ఆర్డరు వచ్చింది.

ఈ కూర్చోవడానికీ సేవకూ సంబంధం ఏమిటంటే, పక్కన కూర్చుని పెరుగన్నం తిన్న మనిషికి అర్ధరాత్రి ఫోను చేయడానికి సంకోచం ఉండదు. నేత్రదానం ఉదాహరణగా చెబుతాను, అది పూర్తిగా ఈ పరిచయాల మీదే నడుస్తుంది.

చనిపోయాక ఆరు గంటల్లోపు కార్నియా, అంటే కంటి ముందుండే పలచని పొర, తీయాలి. అంటే ఆ ఇంట్లోవాళ్లు ఏడుస్తున్న వేళే ఎవరో ఒకరు ఆ మాట కదపాలి. డాక్టరు అడిగితే వినరు, కొత్తవాడు అడిగితే కొడతారు. తెలిసిన మనిషే అడగాలి. ఒకసారి రాత్రి ఒంటిగంటకు సత్యనారాయణపురం నుంచి మా సభ్యుడు ఫోను చేశాడు. ఎదురింటి మాస్టారు పోయారు, పెద్దకొడుకు హైదరాబాదు నుంచి బయల్దేరాడు, చిన్నకొడుకు ఒప్పుకునేలా ఉన్నాడు, ఏం చేయమంటారు అని అడిగాడు. ఫోనులోనే చెప్పాం. ఫ్యాను ఆపేయండి, కనురెప్పలు మూసి వాటి మీద శుభ్రమైన తడి దూది పెట్టండి, తల కింద రెండు దిండ్లు పెట్టి కాస్త ఎత్తండి అని. ఐ బ్యాంకు వాళ్లకు కబురు చేయడం ఒకరి పని, సందు మొదట్లో నిలబడి వాళ్లకు దారి చూపడం మరొకరి పని. మాస్టారి భార్య అడిగింది ఒక్కటే: ‘రేపు అందరూ చూడ్డానికొస్తారు, ముఖం ఎలా ఉంటుంది?’ తీసేది ముందుండే పలచని పొరనే, ముఖం మారదు అని నిదానంగా చెప్పాలి. పని అరగంటలో అయిపోతుంది. షుగరు, బీపీ ఉన్నా, శుక్లం ఆపరేషన్ అయినా ఇవ్వవచ్చు. హెచ్‌ఐవీ, రేబిస్, కామెర్ల వైరస్‌ల వంటివి ఉంటే తీసుకోరు. ఒకరి కార్నియాలు ఇద్దరికి పనికొస్తాయి.

ఆ రాత్రి కదిలినవాళ్లు ఎవరూ సేవ చేద్దామని క్లబ్బులో చేరినవాళ్లు కారు. ఒకాయన రమ్మీ కోసం వచ్చేవాడు. పెద్దకర్మ రోజున కూడా వెళ్లి కుటుంబాన్ని పలకరించాం. ఇప్పుడు ఆ చిన్నకొడుకే మాకు ఆ పేట నుంచి కబుర్లు చేస్తుంటాడు.

కంటి శిబిరాలకూ ఇదే కొలత. ఆటోనగర్‌లో శిబిరం పెట్టడం తేలిక. షామియానా, నాలుగు కుర్చీలు, ఆసుపత్రి బస్సు ఉంటే చాలు. శిబిరంలో పరీక్ష మాత్రమే చేసి, శుక్లం ఉన్నవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాలి. మనకు దగ్గర్లో తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రులు ఉన్నాయి కాబట్టి అది కష్టం కాదు. కష్టమల్లా ఆపరేషన్ తర్వాత. చుక్కల మందు కొన్ని వారాలు వేసుకోవాలి, మళ్లీ చూపించుకోవాలి. క్లీనరుగా బండి ఎక్కి నాగపూర్ వెళ్లిపోయిన పెద్దాయన్ని తిరిగి తీసుకొచ్చి చూపించేది ఎవరు? ఆ పేరు చెప్పగలిగిన క్లబ్బు శిబిరమే శిబిరం.

ఆటోనగర్‌లో ఎక్కువ మందికి కావలసింది ఆపరేషన్ కూడా కాదు. నలభై దాటిన మెకానిక్కులకు చత్వారం. దగ్గరి వస్తువు కనపడదు. ఒక వైండింగు పనివాడు సన్నటి రాగి తీగను చెయ్యి చాపినంత దూరం పెట్టుకుని చూస్తూ, కళ్లు పోతున్నాయని భయపడి ఎవరికీ చెప్పకుండా తిరుగుతున్నాడు. రెండు వందల రూపాయలు చేయని కళ్లజోడు పెడితే తీగ తెచ్చి ముక్కు ముందు పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. లారీ డ్రైవర్ల సంగతి వేరు. లైసెన్సుకు ఎక్కడ ముప్పు వస్తుందోనని చూపు తగ్గిందని ఒప్పుకోరు. వాళ్ల దగ్గర పేరు అడగకుండా ముందు పరీక్ష చేస్తే వస్తారు, రిజిస్టరు తీసి కూర్చుంటే రారు.

రక్తదానం గురించి రెండు ముక్కలే. నాయకుల పుట్టినరోజులకు పోటీపడి శిబిరాలు పెడతారు, మేలో ఎవరూ పెట్టరు. కాలేజీలకు సెలవులు, ఎండలు మండిపోతుంటాయి, రక్తనిధుల్లో నిల్వలు పడిపోయేది అప్పుడే. తలసేమియా (ఒంట్లో సరిపడా రక్తం తయారుకాని జబ్బు) ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, వాళ్లకు వేసవి సెలవులు ఉండవు. ఎర్ర రక్తకణాలు 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే నిల్వ ఉంటాయి కాబట్టి ఒకే రోజు ఐదు వందల మంది చేత ఇప్పించడం ఘనకార్యం కాదు. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు మళ్లీ ఇవ్వవచ్చు. మీ క్లబ్బు మే నెలలో ఏం చేస్తుందో అడగండి. చలివేంద్రం కూడా అంతే. ప్రారంభించే రోజున మజ్జిగ పొంగిపొర్లుతుంది, రెండో వారానికి కుండలు ఎండిపోతాయి. రోజూ సాయంత్రం ఆ కుండలు కడిగే మనిషికి జీతం ఇస్తున్నారో లేదో కనుక్కోండి.

వరద గురించి చెప్పకపోతే విజయవాడ క్లబ్బుల గురించి చెప్పినట్టే కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు మీరు ఊళ్లో ఉన్నారో లేదో. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలిన రోజులవి. ఊళ్లో ప్రతి క్లబ్బూ పులిహోర పొట్లాలతో బయల్దేరింది. అన్నీ వచ్చి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరే ఆగిపోయాయి. ఫ్లైఓవర్ మీద పొట్లాలు గుట్టలు, లోపలి సందుల్లో మేడ మీద నిలబడినవాళ్లకు మంచినీళ్లు లేవు. పొట్లాలు ఆపి ట్రాక్టర్లు, తాళ్లు, పాలపొడి చూసుకున్న క్లబ్బులు పనికొచ్చాయి.

నన్నడిగితే క్లబ్బుల అసలు పని నీళ్లు తీశాక మొదలైంది. అప్పటికి కెమెరాలు వెళ్లిపోయాయి. ఇంట్లో మోకాలి లోతు బురద, పాడైన మోటారు, తడిసిన బీరువా. మా సభ్యుల్లో ఆటోనగర్ మెకానిక్కులు ఉన్నారు. వాళ్లు ఒక సందు చివర టెంటు వేసుకుని, ద్విచక్ర వాహనాల ఇంజను ఆయిలు దించడం మొదలుపెట్టారు. నీళ్లు కలిసి తెల్లగా తిరిగిన ఆయిలుతో బండి స్టార్టు చేస్తే ఇంజను పోతుందని మైకులో చెప్పించాం. నీళ్ల మోటార్లకు స్విచ్చి వేయవద్దని, విప్పి మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఇన్సులేషను చూశాకే కరెంటు ఇవ్వాలని చెప్పింది కూడా వాళ్లే. మీలాంటి దుకాణం ఉన్నవాళ్లు అప్పుడు బేరింగులు లాభం లేకుండా కొన్న ధరకే ఇచ్చారు.

నా వంతుకు వచ్చింది కాగితం. పదో తరగతి సర్టిఫికెట్లు, ఇళ్ల పట్టాలు ముద్దలై వచ్చాయి. తడిసిన కాగితాల కట్టను వేళ్లతో విడదీయబోతే చిరిగిపోతుంది. ఎండలో పెడితే వంకర పోయి అతుక్కుంటుంది. ప్రెస్సులో మిగిలిన తెల్ల న్యూస్‌ప్రింటు కట్టలు తీసుకెళ్లి, కాగితాల మధ్య ఒక్కో షీటు దూర్చి, నీడలో బల్ల మీద పరిచి, గంటగంటకూ షీటు మార్చమని ఆడపిల్లలకు చూపించాను. లామినేషను చేసినవాటి అంచు కత్తిరించి లోపలి నీళ్లు వదలాలి. ఒక నర్సింగ్ విద్యార్థిని మార్కుల జాబితా మీద ముద్ర అలికినా నంబరు మిగిలింది. ఆ నంబరు ఉంటే నకలు వస్తుంది. క్లబ్బు లేకపోతే నేను ఇంట్లో కూర్చుని ఎవరికో వెయ్యి రూపాయలు పంపి ఊరుకునేవాణ్ణి. ఎవరి వృత్తి వాళ్లు అక్కరకు తేవడమే సర్వీసు క్లబ్బుకూ చందాలు పోగుచేసే సంస్థకూ తేడా.

మీ పదిహేను వేల లెక్క. అందులో కొంత అంతర్జాతీయ సంస్థకు, కొంత డిస్ట్రిక్ట్‌కు పోతుంది. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే కలెక్టరు గారి జిల్లా కాదు, క్లబ్బుల సమూహం. పెద్ద భాగం హాలు అద్దెకు, భోజనాలకు పోతుంది. అంటే అది మీ మీద మీరు పెట్టుకునే ఖర్చే, దానం అనుకోకండి. సేవకు ఇచ్చేది వేరేగా ఇస్తారు. లయన్స్ నియమం ప్రకారం రెండు ఖాతాలు ఉండాలి, ఒకటి నిర్వహణకు, రెండోది సేవకు. ప్రజల దగ్గర వసూలు చేసిన రూపాయి భోజనాల ఖాతాలోకి రాకూడదు. మీరు చూస్తున్నది ఏ క్లబ్బయినా రెండు ఖాతాలు ఉన్నాయా, పోయిన ఏడాది లెక్కలు జూన్ తర్వాత సభ్యుల ముందు పెట్టారా అని అడగండి. కోశాధికారి ముఖం చిట్లిస్తే మీకు జవాబు దొరికినట్టే. విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు (80జి అంటారు) కావాలంటే ఆ క్లబ్బు ట్రస్టుకు ఆ అనుమతి ఉండాలి, రూ. 2,000 దాటితే నగదుగా ఇవ్వకూడదు, మీరు పాత పన్ను విధానంలో ఉండాలి. సభ్యత్వ రుసుముకు అది వర్తించదు.

ఫొటోల గురించి అందరూ ఎగతాళి చేస్తారు గానీ, ఫొటో లేకపోతే దాత రెండోసారి ఇవ్వడు, పైవాళ్లకు నివేదిక పంపడమూ కష్టమే. తప్పల్లా ఒక దుప్పటికి ఎనిమిది చేతులు తగిలించి, అవతల ముసలమ్మను ఎండలో నిలబెట్టడంలో ఉంది. మేం సామగ్రితో ముందే ఫొటో దిగేసి, తర్వాత జనాన్ని పిలుస్తాం. తీసుకునేవాళ్ల ముఖాలు ఉండవు.

వ్యాపారానికి పనికొస్తుందా అంటే, మొదటి ఏడాది రాదు. మొదటి వారమే విజిటింగ్ కార్డులు పంచేవాళ్లను చూసి పాతవాళ్లు కుర్చీ జరుపుకుంటారు. మూడో ఏడాదికి మీరు చెప్పిన సమయానికి వస్తారని, లెక్క సరిగ్గా ఉంటుందని తెలిశాక వాళ్లే బావమరిది అపార్ట్‌మెంటుకు మోటారు కావాలని మీ దగ్గరికి వస్తారు. అప్పుడు కూడా తగ్గింపు అడుగుతారు, సిద్ధంగా ఉండండి. ఆర్డర్లే కావాలనుకుంటే అందుకోసమే నడిచే వ్యాపార సంఘాలు వేరే ఉన్నాయి, అక్కడ చేరడం నిజాయితీ.

సమయం విషయానికొస్తే నెలకు రెండు సాయంత్రాలు, అప్పుడప్పుడు ఒక ఆదివారం ఉదయం. ఆదివారం మొత్తం ఇవ్వమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అలా ఇచ్చినవాళ్లు రెండో ఏడాది మానేశారు. కొత్తవాళ్లు చురుగ్గా కనిపిస్తే వెంటనే కార్యదర్శిని చేసేస్తారు. అది పొగడ్త కాదు, ఆ పని ఎవరికీ ఇష్టం లేక. నెలనెలా నివేదికలు, ఆహ్వానాలు, వచ్చిన వక్తకు శాలువా తెప్పించడం దాకా అంతా ఆయనే. రెండేళ్లు మామూలు సభ్యుడిగా ఉండి, ఒక్క పని తీసుకుని దాన్ని చూసుకోండి. మీకు నేనైతే బడుల్లో ఆర్వో ప్లాంట్లు అప్పగిస్తాను. చేరే ముందు రెండు మూడు సమావేశాలకు అతిథిగా వెళ్లవచ్చు, దానికి డబ్బు తీసుకోరు. జూలైలో ప్రమాణ స్వీకారాల హడావుడి ఉంటుంది, ఆ ఒక్క సభ చూసి నిర్ణయించుకోకండి. అది అందరూ కొత్త కోటు వేసుకునే రోజు. సెప్టెంబరులోనో నవంబరులోనో ఒక మామూలు వారం వెళ్లండి.

మీ ఆవిడ రావాలనే నిర్బంధం లేదు. కుటుంబ సమేతంగా జరిగేవి ఏడాదికి కొన్నే: దీపావళి, కార్తీక వనభోజనాలు, ఒక విహారయాత్ర. కానీ టీచరు అన్నారు కదా, ఆవిడ మీ వెంట రావడం కాదు, తానే సభ్యురాలు కావచ్చు. లయన్స్ 1987లో, రోటరీ 1989లో మహిళలకు తలుపులు తీశాయి. మహిళలే నడిపే క్లబ్బులూ ఉన్నాయి. రోటరీ కుటుంబాల మహిళల నుంచి మొదలైన ఇన్నర్ వీల్ వేరే సంస్థగా నడుస్తోంది. బడి ప్రాజెక్టుల్లో ఏది నిజంగా అవసరమో, ఏది అటక ఎక్కుతుందో టీచర్లకు తెలిసినంతగా మాకెవ్వరికీ తెలియదు. అన్నట్టు లయన్స్‌లో ఒకే ఇంటి నుంచి రెండో మనిషి చేరితే అంతర్జాతీయ చందా సగమే. అడగనిదే ఎవరూ చెప్పరు, ఫారం నింపేటప్పుడు మీరే అడగండి.